మువ్వురు గాయకుల తొలి రికార్డు: ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బాండు, 1966

పాట విని సంతోషించుట యెల్లవారికిని సహజము. ఆ పాట యెట్లు పుట్టినది, దానిని గట్టినవా రెవరు, వా రెవరియొద్ద నేర్చిరి, యేల యట్లు పాడిరి అని విచారించుట మాత్రము కొందఱకే యలవాటు. కావ్యము చదువునపుడు కవికాలమును, ఆతడు చదివిన పూర్వగ్రంథములను విచారించుట మన విద్యాశాలలలో నేర్పుచున్నారు. అట్టి విచారమునకు గ్రామఫోను రికార్డు తగదని పలువురు తలంతురు. ఆ తలంపు సరియైనది కాదని చూపుటకే యీ వ్యాసము.

ఇందు పరిశీలింపబడు రికార్డు 1966వ సంవత్సరమున వెలువడినది. దానిని బాడినవారు స్కాట్లండుదేశపు ముఖ్యనగరమగు ఎడింబరోయందు కూడిన మువ్వురు యువకులు. వారి బృందమునకు ‘ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బాండు’ అని పేరు. ‘నమ్మశక్యముకాని తంత్రీవాద్యబృందము’ అని దాని యర్థము. రికార్డునకును ఆ పేరే పెట్టిరి. ఇయ్యది వారి మొదటి కృతి; ఆ మువ్వురును గలిసి చేసిన కృతులలో కడపటిదియు నిదియే. మొదటిదే కడపటి దెట్లయ్యెనో ముందు తెలియగలదు.

ఈ పరిశీలనమున రెండు ప్రశ్నలను మనస్సునం దుంచుకొనవలయును. మొదటిది: క్రొత్తదనము పాతదానిని విడుచుటవలన వచ్చునా, పాతదానిని లెస్సగా నేర్చుటవలన వచ్చునా? రెండవది: ఈ తెగకు జెందిన సంగీతమునకు మత్తుమందే మూలమని లోకులు చెప్పుమాట యెంతవఱకు నిజము? రెండవ ప్రశ్న మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును మిగుల ముఖ్యమైనది.

1. పదముల యర్థము

ఈ బృందమువారి సంగీతమును ‘సైకెడెలిక్ ఫోక్’ అని పిలుచుచున్నారు. ఇందు ‘ఫోక్’ అనగా జానపదగేయము. కర్త యెవరో తెలియక, పుస్తకమున నెక్కక, తల్లినుండి బిడ్డకును, పనివానినుండి తోడిపనివానికిని నోటిమాటగా వచ్చిన పాట యది.

‘సైకెడెలిక్’ అను పదము క్రొత్తది. హంఫ్రీ ఆస్మండ్ అను ఆంగ్లేయ మనోరోగవైద్యుడు కెనడాదేశమున బని చేయుచు, 1956వ సంవత్సరమున గ్రంథకర్తయగు ఆల్డస్ హక్స్‌లీతో నడపిన యుత్తరప్రత్యుత్తరములలో దీనిని గల్పించెను. గ్రీకుభాషయందు ‘సైకీ’ అనగా ఆత్మ లేక మనస్సు. ‘డెలోస్’ అనగా స్పష్టము. మనస్సును బయలుపఱచునది యని పదార్థము. ఎల్.ఎస్.డి. మొదలగు కొన్ని మందులు పుట్టించు చిత్తవికారమును వర్ణించుటకై వైద్యుడు చేసిన యీ మాట కొలదికాలములోనే పాటలలోనికి దిగెను. 1964వ సంవత్సరమున ‘హోలీ మోడల్ రౌండర్స్’ అను అమెరికా గాయకులు తమ మొదటి రికార్డులో ఒక పాతపాటను మార్చి పాడుచు ఈ పదమును వాడిరి. పాటల రికార్డులలో నీ పదము వినబడుట యదియే మొదలని చెప్పుదురు. పిమ్మట రెండుమూడేండ్లలో నది యొక సంగీతరీతికి బేరయ్యెను.

మఱియొక మాట. 1948వ సంవత్సరమున అమెరికాలో ‘లాంగ్ ప్లే’ రికార్డు బయలుదేరెను. ఇది 12 అంగుళముల వెడల్పు గలిగి, నిమిషమునకు 33⅓ మారులు తిరుగును. పూర్వపు రికార్డు ఒక ప్రక్కకు మూడునాలుగు నిమిషములు మాత్రమే పాడుచుండగా, ఇది యిరువదినిమిషములకు మించి పాడగలదు. దీనివలన నొక పాటకు బదులు పది పదునైదు పాటలను వరుసగూర్చి, ఒక చిన్న పుస్తకమువలె శ్రోతకు సమర్పించుట సాధ్యమయ్యెను. మన మువ్వురు గాయకులకు దొరకినది యట్టి యవకాశము.

2. పాటలు పుట్టిన చోటు

ఏ చెట్టును వేళ్లులేక మొలవదు. ఈ రికార్డునకు వేళ్లు చాల లోతున గలవు. పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అను అమెరికా పండితుడు ఇంగ్లండు, స్కాట్లండు దేశముల కథాగేయములను వెదకి, పాఠాంతరములతో 305 గేయములను గ్రంథముగా గూర్చెను. అది 1882 మొదలు 1898 వఱకు భాగములుగా వెలువడెను. 1903వ సంవత్సరము మొదలు సెసిల్ షార్ప్ అను సంగీతోపాధ్యాయుడు ఇంగ్లండులోని పల్లెలు తిరిగి, వృద్ధులు పాడిన పాటలను స్వరములతో వ్రాసికొనెను. 1951వ సంవత్సరమున ఎడింబరో విశ్వవిద్యాలయమున స్కాట్లండు జానపదవిద్యలకై ప్రత్యేకముగా నొక శాఖ యేర్పడెను. దానికి జెందిన వారు శబ్దగ్రాహకయంత్రములను మోసికొనిపోయి, సంచారజాతులవారి గుడారములయొద్దను, పొలములయొద్దను గూర్చుండి పాటలను భద్రపఱచిరి.

ఇట్లు పండితులు కూర్చిన ధనమును 1950-60ల నడుమ యువకులు తమదిగా జేసికొనిరి. నగరములలోని కాఫీయంగళ్లయందును, పానశాలల వెనుకగదులయందును వారమున కొకరాత్రి పాటకచేరీలు జరుగుచుండెను. వానికి ‘ఫోక్ క్లబ్బులు’ అని పేరు. ఎత్తైన వేదిక లేదు, తెర లేదు, పాడువాడును వినువాడును ఒకే బల్లపై గూర్చుండవచ్చును. నేడు విన్నవాడు వచ్చువారము పాడవచ్చును. ఎడింబరోలో ‘క్రౌన్ బార్’ అను చోట ఆర్చీ ఫిషర్ అను గాయకుడు నడపుచుండిన క్లబ్బు అట్టిది. ఇక్కడనే మన కథ యారంభము.

3. మువ్వురు గాయకులు

రాబిన్ విలియమ్సన్ 1943వ సంవత్సరమున ఎడింబరోలో బుట్టెను. స్కాట్లండు, ఐర్లండు దేశముల ప్రాతపాటలను గమకములతో బాడుట యందును, ఫిడేలు వాయించుట యందును ఇతడు చిన్ననాడే నేర్పరి. తరువాత గిటారువాద్యమున మిక్కిలి ప్రసిద్ధికెక్కిన బెర్ట్ జాన్ష్ ఇతనికి మిత్రుడు.

క్లైవ్ పామర్ అదే యేట లండను నగరపు టుత్తరభాగమగు ఎడ్మంటనులో బుట్టెను. ఇతని వాద్యము బాంజో. ఈ వాద్యమున కైదు తంత్రు లుండును. అం దైదవది తక్కినవానికంటె పొట్టిది. బొటనవ్రేలితో దానిని మాటిమాటికి మీటుచుండుటచే ఒకే స్వరము పాటయడుగున మ్రోగుచుండును. మన తంబురాశ్రుతిని విన్నవారి కీ విషయము సులభముగా బోధపడును. పామర్ యౌవనారంభమున పారిసునగరపు వీధులలో బాడి పొట్టపోసికొనిన దేశదిమ్మరి. పాతకాలపు వినోదగీతములును, అమెరికా నల్లజాతివారి ‘బ్లూసు’ పాటలును ఇతనికి గంఠస్థములు.

ఈ యిరువురును 1963వ సంవత్సరము మొదలు జంటగా బాడుచుండిరి. 1965వ సంవత్సరము ఆగష్టునెలలో జో బాయ్డ్ అను అమెరికా యువకుడు క్రౌన్ బారులో వీరి పాట వినెను. అతనికి వయస్సు ఇరువదిమూడేండ్లు. ఆ జూలైలోనే న్యూపోర్టు జానపదసంగీతోత్సవమున నిర్వాహకుడుగా బనిచేసినవాడు. ఎలెక్ట్రా అను అమెరికా రికార్డుకంపెనీ పక్షమున క్రొత్తగాయకులను వెదకుచుండెను. ఈ జంటపాట అతని చెవిలో నిలిచిపోయెను.

ఆ సంవత్సరాంతమున జంటవారు తమ సంగీతమునకు నిండుదనము కావలెనని తలంచి, తాళానుగుణముగా గిటారు వాయించుటకు మూడవవానిని వెదకిరి. పరీక్షించి తీసికొనినవాడు మైక్ హెరన్. ఇతడును ఎడింబరోవాడే, 1942వ సంవత్సరమున బుట్టెను. అయితే ఇతడు జానపదగాయకుడు కాడు. విద్యుద్గిటారులతో రాక్ సంగీతము పాడు బృందములలోనివాడు. ప్రక్కవాద్యమునకై పిలువబడినవాడు తానును పాటలు గట్టగలనని నిరూపించెను. ఒకరు ప్రాచీనగానమున, ఒకరు వీధిపాటయందు, ఒకరు నవీనసంగీతమున బెరిగినవారు. ఈ మూడు పాయల కలయికయే ఆ రికార్డు.

గ్లాస్గోనగరమున సాచీహాల్ వీధిలో ‘క్లైవ్స్ ఇన్‌క్రెడిబుల్ ఫోక్ క్లబ్’ అను పేర రాత్రి యంతయు బాటలు జరుగు స్థలమును పామర్ మఱియొకనితో గలిసి నడపెను. ఆ క్లబ్బు పేరులోనుండియే బృందము పేరు వచ్చెను. కావున ఈ బృందమునకు బేరు వచ్చుటకు గారణభూతుడు పామర్ అని విద్యార్థులు గుర్తుంచుకొనవలయును. ఏలయన ముందు ఆ పేరు మిగిలెనుగాని అతడు మిగులలేదు.

4. ధ్వనిముద్రణము

పిమ్మట బాయ్డ్ ఎలెక్ట్రాకంపెనీకి లండనులో ప్రతినిధి యయ్యెను. ట్రాన్స్‌అట్లాంటిక్ అను మఱియొక కంపెనీయు నీ బృందమును గోరినను, బాయ్డ్ ఎక్కువ యిచ్చి వారిని దన పక్షమునకు ద్రిప్పుకొనెను. 1966వ సంవత్సరము మే నెలలో ధ్వనిముద్రణము జరిగెను.

స్థలము లండనులోని చెల్సీభాగమున ‘సౌండ్ టెక్నిక్స్’ అను ముద్రణశాల. జెఫ్ ఫ్రాస్టు, జాన్ వుడ్ అను నిరువురు శబ్దయంత్రశాస్త్రజ్ఞులు దానిని నెలకొల్పిరి. ఆ కట్టడము పూర్వము పాలవ్యాపారశాల. ఇక్కడ మువ్వురును తాము క్లబ్బులలో బాడినట్లే పాడిరి. ఒకని పాట కొకడు వాద్యము వాయించుట, ఒక పాటను ఒక్కడే పాడుట, కొన్నింటిని మువ్వురు కలియుట యను పద్ధతి నవలంబించిరి. మద్దెల లేదు, విద్యుద్వాద్యము లేదు, వాద్యబృందపు టాడంబరము లేదు. గిటారు, బాంజో, ఫిడేలు, మాండలిను, రేకుపిల్లనగ్రోవి, కజూ అను బొమ్మబూరవంటి చిన్నపరికరము, మూడు కంఠములు: ఇంతియే సామగ్రి.

రికార్డులో మొత్తము 16 అంశములు గలవు. అందు బహుళసంఖ్యాకములు వారు స్వయముగా రచించినవి. కొన్ని మాత్రమే ప్రాచీనములు. ఇది ముఖ్యవిషయము. అంతకుముందు ఫోక్ క్లబ్బులలో బేరుగాంచిన పెక్కుమందికి ప్రాతపాటను బ్రాతగనే పాడుట ధర్మము; క్రొత్తపాట గట్టుట సాహసము. కచేరీలలో గేవలము ప్రాతపాటలు పాడుచుండిన జంటను మొదట వినిన బాయ్డ్, ఇపుడు స్వకీయరచనలు నిండిన రికార్డును నిర్మించెను. బ్రిటనులోను అమెరికాలోను అది వెలువడెను. ఆంగ్లప్రతి యట్టపైని ఛాయాపటమున మువ్వురును విచిత్రములైన ప్రాతవాద్యములను జేతబట్టి నిలిచియున్నారు.

5. పాటల పరిశీలనము

పదునాఱింటిని వివరించుటకు దావు చాలదు. కొన్నింటిని మాత్రము చూతము.

‘అక్టోబర్ సాంగ్’ విలియమ్సనుది. ఒక గిటారు, ఒక కంఠము తప్ప వేఱేమియు లేదు. శరదృతువున నాకులు రాలుచుండగా మనుజుడు కాలమును గూర్చియు, నియమములను గూర్చియు, తన త్రోవను గూర్చియు దలపోయుట యిందలి విషయము. వరుస ప్రాచీన స్కాటిష్ గేయములవలె వినబడును. ఒక్కొక్క యక్షరముపై స్వరములు మెలితిరిగి దిగును. కాని ప్రాతగేయములందువలె ఇందు కథ లేదు. రాజు లేడు, యుద్ధము లేదు, ద్రోహియగు ప్రియుడు లేడు. పాత్ర ప్రాతది; అందలి నీరు క్రొత్తది. బాబ్ డిలన్ 1968వ సంవత్సరమున ‘సింగ్ అవుట్’ పత్రికవారితో మాటాడుచు ఈ పాటను దనకు నచ్చినవానిలో నొకటిగా బేర్కొనెను. అప్పటికి డిలన్ లోకప్రసిద్ధుడు, విలియమ్సను ఇరువదినాలుగేండ్లవాడు.

‘ది ట్రీ’ హెరన్ రచన. బాల్యమున దనకు మిత్రమువలె నుండిన యొక చెట్టును దలంచుకొనుట యందలి వస్తువు. బాల్యమును విడిచినవా డా చెట్టునీడను మరల బొందగలడా యను బెంగ యందు గలదు. మాటలు సామాన్యములు, భావము సామాన్యము కాదు. ఈ హెరనే ‘ఫుట్‌స్టెప్స్ ఆఫ్ ది హెరన్’ అని యొక పాటకు బేరిడెను. హెరన్ అనగా ఆంగ్లమున కొంగజాతిపక్షి. కవి యింటిపేరును అదియే. మన కవులు తమ పేరును శ్లేషలో నిముడ్చుట యెఱిగినవారికి ఈ చమత్కారము క్రొత్తగాదు.

‘ఎంప్టీ పాకెట్ బ్లూస్’ పామరుది. రిక్తమైన జేబుతో దిరుగువాని పాట యిది. ఇందు దైన్యములేదు, రోషములేదు, నవ్వు మాత్రము గలదు. వీధులలో నిజముగా బాడి బ్రదికినవాడు గావున ఈతని పేదఱికము పాటకై ధరించిన వేషము కాదు. రికార్డులో నితని రచన యిదియొక్కటే యైనను, వినినవారు మఱువరు.

‘షాఫర్స్ జిగ్’, ‘విసిల్ ట్యూన్’ అనునవి మాటలులేని చిన్నవరుసలు. మొదటిది ఫిడేలుబాంజోలకును, రెండవది పిల్లనగ్రోవికిని జెందినది. భోజనమున ఊరగాయవలె ఇవి పెద్దపాటల నడుమ రుచిమార్చుటకై యుంచబడినవి. ప్రారంభగీతమగు ‘మేబీ సమ్‌డే’ యందు హెరన్ పాటచుట్టును ఫిడేలు త్రోవదప్పినట్లు తిరిగి, తిరిగి వచ్చి కలియును. ఆ యొక్క పాట వినినచో బృందబలము తెలియును.

ఇంకొక సంగతి. ఈ రికార్డులో హెరన్ పాట యొకదాని పేరు ‘నన్నిచట నిలుపలేరు’ అను నర్థము గలది. విలియమ్సన్ పాట యొకటి ‘ఇక వెడలినట్లే’ అను నర్థము గలది. వెడలిపోవు తలంపు పాటలలో ముందే యుండెను. పాట కట్టినవారు పాట చెప్పినట్లే చేసిరి.

6. మత్తుమందును గూర్చిన విచారము

ఇపుడు రెండవప్రశ్నకు వత్తము. ‘సైకెడెలిక్’ అను పేరు వినగానే తలిదండ్రులకు గలుగు భయము నిరాధారము కాదు. ఎల్.ఎస్.డి. అనునది 1938వ సంవత్సరమున స్విట్జర్లండులో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అను రసాయనశాస్త్రజ్ఞునిచే దయారుచేయబడెను. దాని చిత్తవికారశక్తి 1943వ సంవత్సరమున బయలుపడెను. 1960ల నడుమ గాయకులలో నది వ్యాపించెను. బ్రిటనుప్రభుత్వము 1966వ సంవత్సరముననే దానిని జట్టవిరుద్ధము గావించెను. ఈ బృందము దిరిగిన సమాజమున నట్టి మందుల వాడుక యుండెననుట దాచదగిన విషయము కాదు.

కాని పాటకు మూలము మందే యనుట న్యాయమా? ఈ రికార్డును పరీక్షింపుడు. ఫిడేలుపై కమాను నడపుట, బాంజోపై నైదువ్రేళ్లను వేఱువేఱుగా నాడించుట, ప్రాతగేయపు గమకమును శ్రుతి తప్పక దింపుట: ఇవి యేండ్ల సాధనవలన వచ్చును. పామరును విలియమ్సనును ఈ ముద్రణశాలకు వచ్చుటకుముందు మూడేండ్లు వారమువారము జనులయెదుట బాడినవారు. ఆ సాధనకు బదులుగా నిలువగల మందు ప్రపంచమున లేదు. పైగా, సైకెడెలిక్ అను పేరు తెచ్చిన విచిత్రపు టేర్పాటులు వీరి తరువాతి రికార్డులలో నెక్కువగా గానవచ్చును. ఈ మొదటిదానిలో జాల తక్కువ. ఇందలి విచిత్రత భావములు ఒకదానినుండి మఱియొకదానికి గంతువేయుటలోను, వరుసలు చరణపుగట్టును దాటి పాఱుటలోను గలదు.

ఎదురుదృష్టాంతమునకు దూరము పోనక్కఱలేదు. ఇదే జో బాయ్డ్, ఇదే సౌండ్ టెక్నిక్స్ శాలలో, 1967వ సంవత్సరారంభమున ‘పింక్ ఫ్లాయిడ్’ అను బృందమువారి మొదటి చిన్నరికార్డును నిర్మించెను. ఆ బృందమునకు బ్రాణమైనవాడు సిడ్ బారెట్ అను ప్రతిభాశాలి. ఒక్క యేడాదిలో అతని మనస్సు చెదరిపోయెను. వేదికపై నిలిచి వాయింపలేని స్థితి వచ్చెను. 1968వ సంవత్సరమున బృందమును విడువవలసివచ్చెను. అతని వ్యాధికి గారణములు పెక్కు చెప్పుదురుగాని, ఎల్.ఎస్.డి.ని మితిమీఱి వాడుటయు నందొకటియని అతని నెఱిగినవారు పలువురు చెప్పిరి. కొన్నియేండ్లకు అతడు సంగీతమును విడిచి, 2006వ సంవత్సరమున మరణించువఱకు దానికి దూరముగనే బ్రదికెను. ఒకే శాల, ఒకే నిర్మాత, ఒకే కాలము. మందే ప్రతిభ నిచ్చునదైనచో, బారెట్ నోటిపాటను నదియేల హరించెను?

7. తరువాతి కథ

రికార్డు వెలువడునప్పటికి బృందము లేదు. పామర్ అఫ్గనిస్థానమునకును భారతదేశమునకును భూమార్గమున బయనమయ్యెను. విలియమ్సన్ మరలివచ్చు నిశ్చయములేకయే మొరాకోదేశమునకు బోయెను. హెరన్ ఎడింబరోలో మిగిలి, మఱియొక రాక్ బృందమున జేరెను. అట్లు పాడినవారు మూడుదిక్కుల జెదరియుండగా, ‘మెలొడీ మేకర్’ పత్రికవారి వార్షికనిర్ణయమున వారి రికార్డు ఆ యేటి జానపదరికార్డులలో నుత్తమమైనదిగా నెన్నబడెను.

విలియమ్సన్ చేతిలోని ధన మైపోగా మొరాకోదేశపు వాద్యములతో దిరిగివచ్చెను. హెరనును అతడును గలిసి బృందమును మరల నిలిపిరి. 1967వ సంవత్సరమున వెలువడిన రెండవరికార్డులో సితారును దంబురాయు వినబడును. వానిని వాయించినవాడు లండను విశ్వవిద్యాలయమున భారతీయసంగీతమును బోధించిన నజీర్ అలీ జైరాజ్‌భాయ్. రికార్డుపై ‘సోమ’ యను మాఱుపేరు గలదు. 1968వ సంవత్సరమున వచ్చిన ‘ది హాంగ్‌మన్స్ బ్యూటిఫుల్ డాటర్’ బ్రిటనులో మిక్కిలి యమ్ముడుపోయిన రికార్డుల పట్టికలో నైదవస్థానమున కెక్కెను. 1969వ సంవత్సరమున అమెరికాలోని వుడ్‌స్టాక్ మహోత్సవమున వీరికి మొదటిరాత్రి పాడు నవకాశము వచ్చెను. వాన కురియుచుండుటచే వద్దని మఱునాటికి వాయిదా వేసికొనిరి, మఱునాడు శ్రోతలు వేఱుతెఱగు సంగీతమునకు సిద్ధపడియుండిరి, పాట రక్తికట్టలేదు. 1974వ సంవత్సరమున బృందము విడిపోయెను.

వీరి పాటలు మరుగునబడిపోలేదు. కాంటర్‌బరీ ప్రధానాచార్యుడుగా నుండిన డాక్టరు రోవన్ విలియమ్స్ వీరి పాటల నభిమానించినవాడు. 2014వ సంవత్సరమున బి.బి.సి. రేడియోలో దనకు బ్రియమైన పాటలను వినిపించుచు, వీరి రెండవరికార్డులోని యొకపాటను గోరుకొనెను. అదే సంవత్సరము నవంబరునెలలో క్లైవ్ పామర్ స్వర్గస్థుడయ్యెను. భారతదేశమునుండి తిరిగివచ్చినవెనుక నతడు వేఱుబృందములను గూర్చి 1970ల యారంభమున మంచిరికార్డులు చేసెనుగాని, కీర్తి యంతగా దక్కలేదు. బృందమునకు దన క్లబ్బుపేరు నొసగినవాడు బృందము వెలిగినకాలమున నందు లేడు. విజయము వచ్చునని తెలియక వెడలెనా, తెలిసియు వలదనుకొనెనా యని ప్రశ్నించుటకంటె, అతడు తన త్రోవను దాను నడిచెనని గ్రహించుట మేలు.

8. గుణదోషములు

ఏ కృతినైనను బొగడుటమాత్రమే విమర్శ కాదు. ఈ రికార్డునందు లోపములును గలవు. మువ్వురును గలిసిన పాటలు తక్కువ. పెక్కు పాటలందు ఒక్కొక్కడు తన పాటను దాను పాడి తప్పుకొనుటచే, ఒకే యింట మూడు కాపురములున్నట్లు తోచును. కంఠములు కొన్నిచోట్ల మోటు. హాస్యగీతములలో నొకటిరెండు ఇప్పటి చెవికి బలుచనగా దోచును. తరువాతి రికార్డులందలి విశాలభావము లిందు మొలకలుగనే యున్నవి.

కాని గుణము లీ దోషములను మించినవి. మొదటిది నిరాడంబరత: గదిలో మన యెదుట గూర్చుండి పాడుచున్నట్లుండును. రెండవది ఋణస్వీకారము: స్కాట్లండు గమకమును, అమెరికా నల్లవారి బ్లూసును, పల్లెటూరి నాట్యవరుసను దాచక వాడుకొనిరి. మూడవది ధైర్యము: నేర్చినదానిని బంటువలె మోయక, దానితో దమ కాలమును, దమ మనస్సును జెప్పుకొనిరి. దీనివలన మన మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినది. పాతను విడిచినందున గాక, దానిని లోపలికి దీసికొని జీర్ణించుకొనినందుననే వీరికి గ్రొత్త సాధ్యమయ్యెను. నేర్వనివాడు పాతను విడువనుగూడ లేడు. విడుచుటకు వానియొద్ద నేమియు నుండదు.

ఈ రికార్డును వినదలచినవారికి నొక సూచన. మొదటిమారు మాటలను బట్టించుకొనక వాద్యములను మాత్రము గుర్తింపుడు. రెండవమారు ఏ పాట యెవరిదో కంఠమును బట్టి పోల్చుడు. మూడవమారు ‘అక్టోబర్ సాంగ్’ను మాత్రము కనులు మూసికొని వినుడు. అపుడు ఈ వ్యాసమందలి మాటలు మీకు సరియో కాదో మీరే నిర్ణయింపగలరు.

విద్యార్థులారా! మీలో బాడువారు, వ్రాయువారు, చిత్రించువారు గలరు. మీ మొదటికృతి యెంత చిన్నదైనను దానికై నేర్వవలసినదానిని దొందరపడక నేర్వుడు. అడ్డదారి చూపువారు మీ సాధనకాలమును దగ్గింపజాలరు. మీ యాయువునే తగ్గింపగలరు. మఱియు, మీతో గలిసి మొదట బనిచేసి, తరువాత వేఱుత్రోవను బోయిన చెలికాని పేరును, మీకు గీర్తి వచ్చిన దినమున మఱువకుడు. పామరును దలంచినపుడెల్ల ఈ మాట జ్ఞప్తికి రావలయును.

అభ్యాసప్రశ్నలు

1. ‘సైకెడెలిక్’ అను పదము నెవరు, ఏ సందర్భమున గల్పించిరి? అది సంగీతమునకు బేరగుట యెట్లు?

2. మువ్వురు గాయకులు ఈ రికార్డునకు దెచ్చిన మూడు విధములగు సంగీతసంపదలను వివరింపుము.

3. ప్రాతపాటను మార్పులేక పాడుట ధర్మమా, దానితో గ్రొత్తపాట గట్టుట ధర్మమా? ‘అక్టోబర్ సాంగ్’ నాధారముగా గొని నీ యభిప్రాయమును వ్రాయుము.

4. మీ యింటగాని వీధిలోగాని పెద్దలు పాడు పాట నొకదానిని విని వ్రాసికొని, దాని నెవరియొద్ద నేర్చిరో యడిగి తెలిసికొనుము.